గుమస్తా ఇల్లు చేరిన సాయంత్రం

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి సంఘమంతా కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు మా చిన్నబాపు, అంటే బాబాయి మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా పక్కన చేరింది. మా తరం వాళ్లం గుమస్తా సీరియల్ అని పిలుచుకున్న ఆ పాత హాస్య ధారావాహికను ఎవరో ఓపికగా వెతికి ఫోన్లో చూసుకునేలా పెట్టారట, అందులో ఆఖరి భాగం కూడా ఉందట. చూపించి మమ్మల్ని సంతోషపెట్టాలని ఆ పిల్ల ఆశ. విస్తళ్ల ముందున్న ముసలివాళ్లం తలలు దగ్గర పెట్టి చూశాం. వాన చప్పుడు, బార్లా తెరిచిన తలుపు, దానికి ఎదురుగా పీట మీద కూర్చున్న గుమస్తా భార్య, ఎక్కడినుంచో తెచ్చి కలిపిన నవ్వులు, ఆ నవ్వుల మీదే పైకి పాకిపోయిన పేర్లు. అంతే, అయిపోయింది.

"గిదేంది, సగంల కోసిన్రు," అన్నది నాకంటే పెద్దదైన ఒకావిడ. "గుమస్త ఇంటికచ్చిండు గదా. నెత్తిన లైటు పెట్టుకొని, మొఖమంత మసితోని. ఉప్పు పొట్లం పీట మీద పెట్టిండు. నా కండ్లతోని టీవీల చూసిన."

"ఔ, నేను సుత చూసిన," అన్నది పక్కనున్నామె. "నువ్వు ఇంకేదో పెట్టినవ్ బిడ్డా. జర మంచిగ చూడు."

ఆ పిల్ల మళ్లీ మళ్లీ చూసి, ఉన్నది ఇంతేనని చెప్పింది. ఫోనుదే అబద్ధమని పెద్దవాళ్లు తీర్మానించి మళ్లీ అన్నం కలుపుకున్నారు. నేను మాత్రం ముద్ద ఎత్తలేకపోయాను. గుమస్తా ఇల్లు చేరడం టీవీలో ఎన్నడూ రాలేదు. అది మా చర్చి ఆవరణలో బెంచీలు కలిపి కట్టిన వేదిక మీద జరిగింది. దాన్ని రాసింది నేను. ఇంకా నిజం చెప్పాలంటే, వాళ్లు గుర్తుపెట్టుకున్నది నేను రాసింది కూడా కాదు.

మీలో ఎవరైనా గోదావరి ఒడ్డు బొగ్గుగనుల కాలనీల్లో పెరిగి ఉంటే నేను చెప్పబోయే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. షిఫ్టుకు పోయిన మనిషి ఇల్లు చేరేదాకా ఆ ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టేవారు కాదు. కరీంనగర్ పల్లెలనుంచి వచ్చినవాళ్లు, ఆంధ్రా వైపు వాళ్లు, మరాఠీ కలిపి మాట్లాడే ఆదిలాబాద్ వాళ్లు, దేవుళ్లు వేరైనా వంటలు వేరైనా ఈ ఒక్క విషయంలో అందరూ ఒకటే. తలుపు దగ్గరికి వేసి, గాలికి కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టేవారు. గొళ్ళెం పెడితే భూమి లోపలున్న మనిషికి దారి మూసినట్టని మా అవ్వ, అంటే మా అమ్మ నమ్మకం. విశ్వాసులమైనంత మాత్రాన ఇలాంటివి అంత తొందరగా వదిలిపోవు. చీకటి పడ్డాక ఉప్పు ఒకరి చేతినుంచి మరొకరు అందుకోకూడదన్న పట్టింపు కూడా మా ఇంట్లో అట్లాగే ఉండేది. ఎవరైనా అడిగితే కింద పెట్టేవాళ్లం, వాళ్లు వంగి తీసుకునేవాళ్లు.

గని దగ్గర ఇంకొక పద్ధతి. దిగేముందు దీపాల గదిలో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, నెత్తిన టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. ఎవరి బిళ్ళ గోడకు వేలాడుతుంటే వాళ్లు ఇంకా లోపల ఉన్నట్టు. దీపం మాత్రం గని గేటు దాటి బయటికి రాదు. మా బాపు పని చేసినన్నాళ్లూ ఆయన నెత్తిమీది దీపాన్ని మేము ఇంట్లో ఒక్కసారి కూడా చూడలేదు.

మా బాపు చెల్లెలు, అంటే మా మేనత్త, మా పక్క క్వార్టర్లోనే ఉండేది. చెన్నూరు దగ్గర ఏటి ఒడ్డు ఊరినుంచి మామ చెయ్యి పట్టుకొని ఆ కాలనీకి వచ్చింది. పిల్లలు లేరు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు కానీ మామ దగ్గు వినిపిస్తే చాలు, అత్త పొయ్యి మీద చాయ పెట్టేది. ఊపిరితిత్తుల అడుగునుంచి గరగరా లాగి, మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ పూర్తిచేసే దగ్గు. వీధి మలుపులో వినిపిస్తే కాలనీలో అందరికీ తెలిసేది ఆయన వస్తున్నాడని. ఒకనాడు గనిలో పాత తవ్వకాల వైపునుంచి నీళ్లు విరుచుకుపడ్డాయి. ఆ షిఫ్టులో అందరూ పైకి వచ్చారు, మామ ఒక్కడే రాలేదు. వెతికి వెతికి, చివరికి ఆ భాగానికి గోడ కట్టి మూసేశారు. ఆయన బిళ్ళ దీపాల గదిలో గోడకు అట్లాగే ఉండిపోయింది.

మా సంఘంలో పోయినవాళ్ల కోసం ఆదరణ కూడిక పెట్టి, వాక్యం చదివి, మిగిలినవాళ్లను దేవుని చేతికి అప్పగించడం ఆనవాయితీ. పాస్టరు అయ్యగారు ఎన్నిసార్లు వచ్చి అడిగినా అత్త ఒప్పుకోలేదు. "మనిషి పోయిండని ఎవలు చెప్పిన్రయ్యా? ఇంక డ్యూటీ దిగలే, గంతే," అనేది. తలుపుకు ఇటుకే తప్ప గొళ్ళెం లేదు. కుక్కలు దూరి కుండలు దొర్లించినా, ఎవరో వచ్చి రాగి బిందె ఎత్తుకుపోయినా, బాపు గొంతు చించుకొని కోప్పడినా ఆ తలుపు అట్లాగే ఉండేది. చలికాలం వెళ్లి చలికాలం వచ్చేది.

అత్తను మళ్లీ నవ్వించింది గుమస్తా సీరియల్. మా వరుసలో మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది, చెక్క తలుపులున్న పెట్టె, పైన వెదురుకు కట్టిన యాంటెనా. వారానికొక సాయంత్రం ఆడవాళ్లంతా మా ముందు గదిలో చాపల మీద చేరేవారు. కథ ఏమీ ఉండేది కాదు. అద్దె ఇంట్లో ఒక గుమస్తా, అతని భార్య, ఆమె అత్తగారు. ప్రతి భాగమూ అతను గడపలో దగ్గడంతో మొదలయ్యేది. భార్య తల ఎత్తకుండానే ఏం తెచ్చారని అడిగేది. చింతపండు తెమ్మంటే చీపురు తెచ్చేవాడు, నూనె తెమ్మంటే నూలు తెచ్చేవాడు, దానిమీద అరగంట గొడవ. అంత అమాయకమైన నవ్వు మళ్లీ నేను ఎక్కడా నవ్వలేదు. కొన్ని సాయంత్రాలు నవ్వుల మధ్యలో భూమి కింద మందు పేల్చేవారు, అల్మారాలో గ్లాసులు గల్లుమనేవి. గది మొత్తం ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి, మళ్లీ నవ్వందుకునేది. డ్యూటీ దిగి వచ్చే మొగవాళ్లను ఆడవాళ్లు గడపలోనే "ఏం తెచ్చినవ్?" అని ఆటపట్టించేవారు. వాళ్లేమో "బొగ్గు తెచ్చిన, తింటవా?" అనేవారు. అత్త అదంతా విని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

అట్లాంటిది, ఏ కారణమో తెలియదు, ఆ సీరియల్ ఉన్నట్టుండి ఆపేశారు. ఆఖరి భాగంలో భార్య ఉప్పు తెమ్మని పంపుతుంది. వాన మొదలవుతుంది. అతను గొడుగు తీసుకొని పోతాడు. తలుపు తెరిచే ఉంటుంది, ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది, నవ్వులు వినిపిస్తాయి, పేర్లు వచ్చేస్తాయి. మా గదిలో ఎవరూ కదలలేదు. ఇంకా ఉందేమో, వచ్చే వారం చూపిస్తారేమో అని అవ్వ అన్నది. మరుసటి వారం ఆ సమయానికి వేరే ఏదో వచ్చింది. నాకన్నిటికంటే భయం కలిగించింది ఆ నవ్వులు. ఖాళీ గడపను చూసి ఎవరు నవ్వారు?

అత్త ఆ సాయంత్రం లేచి వెళ్లి తన గడపకు ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది. అక్కడినుంచి లేవడం తగ్గిపోయింది. అన్నం తీసుకుపోతే వద్దనేది కాదు, పక్కన పెట్టుకొని ఎదురుచూసేది. ఆరిపోయిన అన్నాన్ని అవ్వ వెనక్కి తెచ్చేది. చెంపలు లోపలికి పోయాయి. ఇట్లాగే ఉంటే క్రిస్మస్ దాటదని ఆసుపత్రిలో చెప్పారు. బాపు ఏడవడం నేను చూసింది అప్పుడే.

అప్పుడు నేను సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, పండుగకు నాటికలు రాసేదాన్ని. ఆమెను కూర్చోబెట్టింది ఒక తప్పుడు ముగింపైతే, సరైన ముగింపు లేపుతుందేమోనని నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ ఏడాది పండుగ నాటికగా గుమస్తా ఆఖరి భాగాన్నే తిరగరాస్తానని అయ్యగారిని అడిగాను. పరిశుద్ధ గ్రంథం చివరి పుటలో ఉన్న హెచ్చరిక మీకు తెలుసు, ఈ మాటలకు ఎవరూ ఏమీ కలపకూడదని, తీసివేయకూడదని. అది ఆయన గుర్తుచేశారు. ఆ హెచ్చరిక ఆ గ్రంథానికే కదా, టీవీ పెట్టెకు కాదు కదా అని నేనన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు కానీ, మనుషుల ముగింపులతో ఆడుకోవద్దని మాత్రం నెమ్మదిగా చెప్పారు. ఆ మాట బరువు నాకు అప్పుడు తెలియలేదు.

విషయం బయటికి పొక్కేసరికి సంఘంలో ప్రతివాళ్లకూ ఒక ముగింపు ఉంది. "గా అత్తగారు కోడలి కాళ్లు మొక్కాలె. మొక్కకపోతె నేను చూడ," అన్నది ఒకావిడ. "నీ కోడలు సుత అక్కడనే కూసుంటది, యాద్ పెట్టుకో," అని ఇంకొకామె చురక అంటించింది. సంఘ పెద్ద ఒకాయన గుమస్తా చివరకు బాప్తిస్మం తీసుకోవాలని పట్టుబట్టాడు. అంత చలిలో వేదిక మీద నీళ్లెక్కడివని అడిగితే, చిలకరించినా పర్వాలేదన్నాడు. నేను రాసింది చిన్నది. గుమస్తా ఇల్లు చేరతాడు, ఉప్పుకు బదులు బెల్లం తెస్తాడు, అందరూ నవ్వుతారు, భార్య తలుపు వేసి గొళ్ళెం పెడుతుంది. ఆ గొళ్ళెం చప్పుడు అత్త చెవిన పడాలి, నాకు కావలసింది అంతే.

భార్య వేషం నేనే వేశాను. గుమస్తాగా మా చిన్నబాపును ఒప్పించాం. ఆయన గనిలో బొగ్గు కొట్టే మనిషి. "బొగ్గు కొట్టుమంటె కొడ్త గని, మాటలు చెప్పుమంటె ఎట్లనే పొల్లా?" అని నెత్తి పట్టుకునేవాడు. ఉతికిన తెల్ల చొక్కా, గొడుగు, చేతిలో బెల్లం. చిన్నగా దగ్గమంటే కోడి కూసినట్టు దగ్గేవాడు, పిల్లలు పడీపడీ నవ్వేవారు.

నాటిక రోజు చిన్నబాపుకు పొద్దటి షిఫ్టు. సాయంత్రానికి ఇంట్లో ఉండాలి, రాలేదు. ప్రార్థన అయిపోయింది, పిల్లలు గోల చేస్తున్నారు, చీకటి పడుతోంది. వస్తాడులే అని మొదలుపెట్టేశాం. పెట్రోమాక్స్ దీపాలు వెలిగించారు. వడ్రంగి తెచ్చిన నిజమైన తలుపును చట్రంతో సహా వేదిక మీద నిలబెట్టి వెదుళ్లు కట్టారు. అవ్వా బాపూ రెండు చేతులా పట్టుకొని అత్తను తీసుకొచ్చి ఆడవాళ్ల వైపు ముందు చాపమీద కూర్చోబెట్టారు. మొదటి గొడవంతా బాగానే సాగింది, అత్తగారి వేషం వేసిన పిల్లకు ఈలలు కూడా పడ్డాయి. తరువాత నేను తెరిచిన తలుపుకు ఎదురుగా పీట మీద కూర్చోవలసిన ఘట్టం వచ్చింది. కూర్చున్నాను. తలుపు అవతల టార్పాలిన్, దాని వెనక చీకటి. చిన్నబాపు ఇంకా రాలేదని నాకు తెలుసు. ఏం చెయ్యాలో తోచలేదు. లేచి పీటకు పక్కగా నిలబడ్డాను. భూమి కింద మందు పేలింది, పెట్రోమాక్స్ గాజులు సన్నగా వణికాయి.

అప్పుడు దగ్గు వినిపించింది.

అడుగునుంచి గరగరా లాగి, మధ్యలో ఆగి, మళ్లీ పూర్తిచేసిన దగ్గు. చిన్నబాపు ఎట్టకేలకు వచ్చాడు, ఇంత బాగా దగ్గడం ఎప్పుడు నేర్చుకున్నాడా అనుకున్నాను, దేవుని సాక్షిగా అదే అనుకున్నాను. గడపలోకి ఒక వెలుగు వచ్చి సూటిగా నా కళ్లలో పడింది. నెత్తిమీది దీపం వెలుతురు ఎదురుగా ఉన్నవాళ్లకు ముఖాన్ని చూపించదు, దాచేస్తుంది. మసి పట్టిన గడ్డం కొన, నల్లటి చేతులు, బూట్లు, ఇవే కనిపించాయి. నిలవనీటి వాసన వచ్చింది, మూసిన బావి మూత తీస్తే వచ్చే వాసన. వాన లేదు, అయినా ఆ బట్టలనుంచి బెంచీల మీదికి నీళ్లు కారుతున్నాయి. నా మాట నాకు గుర్తుంది, నోరు మాత్రం తెరుచుకోలేదు.

ఆ మాట ఆడవాళ్ల వైపునుంచి వచ్చింది. "ఏం తెచ్చినవ్?" అని అత్త అడిగింది, రోజూ అడిగే మాటలాగా, గొంతు కొంచెమైనా పెంచకుండా.

ఆయన ఒక కాగితపు పొట్లాన్ని పీట మీద పెట్టాడు. నా చేతికి ఇవ్వలేదు, చీకటి పడింది కదా. కాసేపు అట్లాగే నిలబడ్డాడు, దీపం మెల్లగా తిరిగి ఆడవాళ్ల వైపు పడింది, అత్త ముఖం మీద ఆగింది. తరువాత వచ్చిన తలుపులోంచే వెనక్కి పోయాడు. నవ్వుదామని వచ్చిన జనంలో ఒక్కరూ నవ్వలేదు. అత్త ఎవరి సాయమూ లేకుండా వేదిక ఎక్కి, పొట్లం విప్పి, లోపలున్న దొడ్డుప్పు ఒక పలుకు నాలుక మీద వేసుకొని, మిగతాది కొంగున కట్టుకొని నడిచి వెళ్లిపోయింది. మా క్వార్టర్లు చర్చికి ఎదురు వరుసే. తలుపు మూసిన చప్పుడూ, తుప్పు పట్టిన గొళ్ళెం కీచుమంటూ పడిన చప్పుడూ ఆవరణలో ఉన్న అందరికీ వినిపించాయి. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఎంత బాగా రాశావని నన్ను మెచ్చుకున్నారు.

చప్పట్లు ఆగకముందే చర్చి గేటు తోసుకొని చిన్నబాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, చంకలో గొడుగు, చేతిలో బెల్లం. "మనుషుల్ని ఎక్కించే మిషన్ ఆగిపోయిందే, ఇప్పుడే పైకచ్చి తానం చేసి ఉరికచ్చిన. షురూ చేసిన్రా?" అన్నాడు. నేను ఆయన చేతిలోని బెల్లం చూస్తూ ఉండిపోయాను.

మసిలో మొగవాళ్ల ముఖాలన్నీ ఒకటే. పక్క వీధివాడెవడో జాలిపడో సరదాకో వచ్చి ఉంటాడని బాపు వీధి వీధి తిరిగి అడిగాడు. నేనే అని చెప్పినవాళ్లు ఆ రోజూ లేరు, ఇన్నేళ్లలోనూ లేరు. చిన్నబాపు దీపాల గదిలో విచారించాడు. ఆ సాయంత్రం ఒక్క దీపం కూడా తక్కువ కాలేదట. గనిలోకి పోయి తిరిగి రాని దీపం మొత్తం మీద ఒకటే ఉంది, అది ఎవరిదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

మరునాడు పొద్దున్నే అయ్యగారు అత్త ఇంటికి వెళ్తూ నన్ను తోడు తీసుకుపోయారు. అత్త తలుపు తీసి, మాకు చాయ పోసి, తానూ తాగింది. పక్కన తిన్న కంచం ఉంది. "ఆ దినం పోయెటప్పుడు ఉప్పు ఒడిసింది, అచ్చెటప్పుడు తెమ్మని చెప్పిన," అన్నది. అంతవరకు ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, మా అవ్వకు కూడా. "తెచ్చిచ్చి పోయిండు. డ్యూటీ దిగిండయ్యా. ఇగ ప్రార్థన పెట్టుండ్రి."

అయ్యగారు పెట్టారు. పోయినవారికీ మనకూ నడుమ దాటలేని అగాధం ఉన్నదని వాక్యం చెబుతుంది, కాబట్టి ఆత్మ వచ్చిందని ఎవరూ అనవద్దు, తెలియని అతిథిని దేవుడు పంపగలడు, కాబట్టి ఎవరూ నవ్వవద్దు అని ఆ కూడికలో చెప్పారు. నేను విశ్వాసిని. చనిపోయినవాళ్లు వీధుల్లో తిరుగుతారని నమ్మను. పునరుత్థానాన్ని నమ్ముతాను, ఆ ఆఖరి భాగం రాసే చెయ్యి వేరే ఉన్నదని నమ్ముతాను. నేను రాసిన దాంట్లో బెల్లం ఉంది, ఆ చేతికి ఉప్పు కావలసి వచ్చింది. అంతకంటే చెప్పడం నాకు చేతకాదు. అత్త ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది, సంఘంలో పెళ్లిళ్లకు పప్పు వండింది, నిద్రలో పోయింది. పోయిన పొద్దున ఆమె తలుపు లోపలినుంచి గొళ్ళెం పెట్టి ఉంటే బాపు పగలగొట్టవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, చర్చి కూడా ఊరి అవతలికి మారింది. పైనుంచి తవ్వుకుంటూ వచ్చిన ఓపెన్‌కాస్టు గని కాలనీని మింగి పాత గనిదాకా పోయింది. పోయిన ఎండాకాలం చిన్నబాపు కొడుకు నన్ను మట్టి కట్ట మీదికి తీసుకుపోయి చూపించాడు. కింద, ఎంతో లోతున, బొగ్గు గోడలో, మనవాళ్లు ఒకప్పుడు దీపాలు పెట్టుకొని నడిచిన పాత దారుల నోళ్లు నల్లటి గడపల్లా వరుసగా తెరుచుకొని ఉన్నాయి. మామ ఉన్న భాగం కూడా అందులోనే ఎక్కడో ఉందట, గోడ కూలిపోయి ఎండలోకి వచ్చిందట. ఒక్కదానికీ తలుపు లేదు.

మా పిల్లలు డ్యూటీకి పోయినవాళ్లు ఎక్కడున్నారో ఫోన్లో చూసి, గొళ్ళెం పెట్టుకొని పడుకుంటారు. మంచిదే. సీరియల్ నచ్చకపోతే వేలితో తోసేసి ఇంకొకటి చూస్తారు, ముగింపు బాగా లేదని పండుగదాకా కుమిలేవాళ్లు లేరు. ఇరుగుపొరుగంతా ఒక గదిలో చేరి ఒక్క మనిషి దగ్గు కోసం చెవులు రిక్కించిన కాలం మాతోనే పోతుంది. మొన్న ఫోన్లో ఖాళీ గడపను చూసి గుమస్తా వచ్చాడని పంతం పట్టిన ఆ ముసలివాళ్లకు నేను అందుకే అడ్డు చెప్పలేదు.

కట్ట మీద నిలబడ్డ ఆ సాయంత్రం లోయలో మందు పేల్చారు. కాళ్లకింద నేల అదిరింది. ఆ నల్లటి గడపల్లో ఒకదాన్లోంచి సన్నగా దుమ్ము లేచింది. ఇంటికి వచ్చినవాళ్లను గడపలో అడిగే ఆ మాట నా నోటిదాకా వచ్చింది, అడగలేదు. అది అత్త అడగవలసిన మాట, ఆమె ఎప్పుడో అడిగేసింది.